భాష చదివేవాళ్ళకి: మీ పరీక్ష మీరే పెట్టుకోవడం ఎలా

అమలాపురంలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నవాళ్ళు, నన్నయ యూనివర్సిటీలో ఎం.ఏ. చేద్దామనుకునేవాళ్ళు, పక్క డిపార్టుమెంట్లలో హిందీ, తెలుగు, సంస్కృతం చదివేవాళ్ళు, అందరూ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి అడిగేది ఒకటే: "మేడమ్, ఏం చదవమంటారు?" నేను జవాబు చెప్పను. "కిందటి వారం చదివినదాంట్లో నీకేది వచ్చింది, ఏది రాలేదు?" అని తిరిగి అడుగుతాను. "అంతా చదివేశానండి" అంటారు. చదివావు సరేనమ్మా, వచ్చిందా? దానికి మాత్రం నా మొహంకేసి చూస్తారు, ఆ సంగతి నేనే చెప్పాలన్నట్టు.

తిరకాసంతా అక్కడే ఉంది. పదో తరగతి దాకా స్లిప్ టెస్టులు, ఇంటర్లో వీక్లీ టెస్టులు, స్టడీ అవర్లు. ఎప్పుడు చదవాలో బెల్లు చెప్పేది, ఎంత వచ్చిందో మార్కులు చెప్పేవి. డిగ్రీలో అడుగుపెట్టాక ఆ బెల్లు ఉండదు, మార్కులు ఎప్పుడో గాని రావు. గంటల తరబడి కూర్చునే పిల్లలు కూడా తమకెంత వచ్చిందో తేల్చుకోలేక అక్కడక్కడే తిరుగుతుంటారు. రొయ్యల చెరువున్న ఇంటి పిల్లలకి ఇది నేను చెప్పక్కర్లేదు. మేత చల్లేసి ఇంటికొచ్చి ఎవరూ పడుకోరు కదా. చెక్ ట్రే పైకి లాగి, ఎంత తిన్నాయో, ఎంత మిగిల్చాయో చూసి, అప్పుడు తర్వాతి పూటకి ఎంత వెయ్యాలో తేలుస్తారు. భాష చదువులో ఆ ట్రే లాగడం ఎలాగో చెప్పడానికే ఇదంతా.

ఫ్రాన్సులో నాన్సీ యూనివర్సిటీలో పనిచేసిన ఆన్రీ ఒలెక్ 1981లో సొంతంగా చదువుకోవడాన్ని ఐదు పనులుగా విడగొట్టి రాశాడు. ఏం సాధించాలో నిర్ణయించుకోవడం, ఏం చదవాలో ఎంచుకోవడం, ఏ పద్ధతిలో చదవాలో తేల్చుకోవడం, చదువు సాగుతున్న తీరు గమనించుకోవడం, చివరికి ఎంత వచ్చిందో అంచనా కట్టుకోవడం. ఈ ఐదూ విద్యార్థి చేతిలో ఉంటే ఆ చదువు విద్యార్థిది. మన పెద్దలు ఇంకా కుదించి చెప్పారు: "ఆచార్యాత్ పాదమాదత్తే, పాదం శిష్యః స్వమేధయా, పాదం సబ్రహ్మచారిభ్యః, పాదం కాలక్రమేణ చ." గురువు దగ్గర దొరికేది పావు వంతే. మిగతా ముప్పావులో సొంత బుర్ర, తోటివాళ్ళు, కాలం. మీరు ఫీజు కట్టింది ఆ పావుకే, తక్కినది ఎవరూ తెచ్చి పెట్టరు.

మొదటి రోజు

ఫోన్లో వాయిస్ రికార్డర్ తెరవండి. "మై విలేజ్" వద్దు, అది చిన్న క్లాసుల నుంచీ అందరికీ కంఠతా వచ్చు. మీ తోటలోనో పక్కవాళ్ళ తోటలోనో కొబ్బరి దింపు తీసిన రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం జరుగుతుందో, మీరు చదివే భాషలో చెప్పండి. ఒక నిమిషం ఆలోచన, రెండు నిమిషాలు మాట. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్ష రెండో భాగంలో ఇచ్చే గడువు కూడా ఇదే, రేపు పనికొస్తుంది. చెట్టెక్కేదెవరు, కాయలు పోగేసేదెవరు, లెక్క రాసుకునేదెవరు, వలుపు ఎక్కడ, బేరం ఎలా తెగింది: రోజూ చూసేదే అయినా కంఠతా వాక్యాలు దీని దగ్గర పనిచెయ్యవు. మీ అసలు భాష ఎంతో అప్పుడు బయటపడుతుంది.

వెంటనే వినకండి, సిగ్గేస్తుంది. మర్నాడు కాగితం ముందు పెట్టుకుని వినండి. ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ తెలుగు మాట దొర్లింది, ఏ వాక్యం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు, ఈ మూడూ రాసుకోండి. తర్వాత అదే విషయం మీద నిఘంటువు ముట్టుకోకుండా ఇరవై నిమిషాలు రాయండి. రెండిటి మీదా తేదీ వేసి దాచండి. సెమిస్టరు ఆఖర్లో మళ్ళీ దింపు గురించే చెప్పి, రాసి, పాతవాటి పక్కన పెట్టుకుంటే ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

గురి పెట్టుకునేటప్పుడు "ఇంగ్లీషు ఇంప్రూవ్ చేసుకోవాలి" అని రాస్తే అది ఎప్పటికీ తీరదు, తీరిందని తెలియదు కూడా. యూరప్ కౌన్సిల్ 2001లో అచ్చువేసిన భాషా స్థాయిల పట్టిక ఇందుకు పనికొస్తుంది. ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు, ప్రతి మెట్టూ "ఇది చేయగలను" అనే వాక్యాల్లో ఉంటుంది. వినడం, చదవడం, మాట్లాడటం, రాయడం విడివిడిగా చూసుకోండి. నా అంచనాలో మా పిల్లల్లో చాలామంది చదవడంలో బి2 దగ్గర, మాట్లాడటంలో ఏ2 దగ్గర ఉంటారు. ఈ రెండిటినీ కలిపి "నాకు ఇంగ్లీషు రాదు" అనుకోవడం అన్యాయం. తక్కువున్న చోటే గురి పెట్టండి, దాన్ని పని రూపంలో రాయండి: "దసరా సెలవుల్లోపు పేపర్లో సంపాదకీయం ఒకటి చదివి, పేపరు మడిచేసి, అందులో వాదనేంటో ఐదు వాక్యాల్లో చెప్పగలగాలి." దసరా వచ్చాక చెప్పి చూసుకుంటారు. చెప్పగలిగితే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

లాంగ్ బుక్కు

ఒక లాంగ్ నోటుబుక్కు కొనండి. ఎడమ పేజీలో ఈ వారం ఏం చేద్దామనుకున్నారో, కుడి పేజీలో నిజంగా ఏం జరిగిందో రాయండి. డెన్మార్క్‌లో లేనీ డామ్ అనే ఇంగ్లీషు టీచరు స్కూలు పిల్లల చేతే ఇలాంటి లాగ్‌బుక్కులు రాయించేవారు. ఏ పని చెయ్యాలో పిల్లలే ఎంచుకుని, ఎలా జరిగిందో వాళ్ళే రాసుకునేవారు. స్కూలు పిల్లలు చేసినది డిగ్రీ పిల్లలు చెయ్యలేకపోవడమేంటి?

అయితే రాసే తీరు ముఖ్యం. "లిజనింగ్ చేశాను, బాగుంది" అని రాస్తే ఆ పేజీ దండగ. రాజోలు వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి బుక్కులో నేను చూసినది ఇలా ఉంది: "మంగళవారం. వార్తలు ఐదు నిమిషాలు విన్నాను. పేర్లు దొరికాయి, అంకెలు దొరకలేదు. థర్టీన్, థర్టీ ఒకేలా వినపడ్డాయి. రేపు అంకెలు మాత్రమే వింటాను." నాలుగు ముక్కల్లో ఏం చేసిందీ, ఏది జారిందీ, రేపేం చెయ్యాలో అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయికి "ఏం చదవమంటారు మేడమ్" అని అడగాల్సిన అవసరం లేదు. ఆదివారం సాయంత్రం పావుగంట కూర్చుని వారం మొత్తం తిరగెయ్యాలి. ఒకే లోపం రెండుసార్లు కనబడితే దాని కింద గీత గీయండి, వచ్చే వారం ఎడమ పేజీకి అదే మొదటి పని.

మాటలకి పూతరేకుల పెట్టె

1970లలో జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత ప్రచారంలోకి తెచ్చిన చీటీల పెట్టె పద్ధతికి మించినది నాకు కనబడలేదు. ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె ఏ ఇంట్లోనైనా ఉంటుంది. దానికి అట్టముక్కలతో ఐదు అరలు చెయ్యండి. చీటీలకి పాత శుభలేఖలు కత్తిరించండి, మందంగా ఉంటాయి, వెనకవైపు ఖాళీ. (మాఘమాసం వెళ్ళాక ఒక్కో ఇంట్లో దొరికే శుభలేఖలతో సెమిస్టరు గడిచిపోతుంది.)

కొత్త చీటీలు మొదటి అరలో వేస్తారు. ఆ అర రోజూ, రెండోది రెండ్రోజులకి, మూడోది నాలుగు రోజులకి, నాలుగోది ఎనిమిదికి, ఐదోది పదహారు రోజులకి తియ్యాలి. సరిగ్గా చెప్పిన చీటీ ఒక అర ముందుకి వెళ్తుంది. తప్పితే ఏ అరలో ఉన్నా తిన్నగా మొదటి అరకే. అంటే వచ్చిన మాట మీ టైము తినదు, రాని మాట మిమ్మల్ని వదలదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే అర్థంలేని అక్షరాల గుంపులు తానే బట్టీ పట్టి, తానే మరిచిపోయి చూపించాడు: నేర్చిన తొలి గంటల్లోనే మరుపు ఎక్కువ, ఎడమిచ్చి మళ్ళీ మళ్ళీ తలుచుకుంటే అది మందగిస్తుంది. అంకి అనే యాప్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. ఫోన్ తీస్తే రీల్స్‌లోకి జారిపోయే మనిషైతే అట్టపెట్టే మేలు.

చీటీ మీద ఒక పక్క ఇంగ్లీషు మాట, ఇంకో పక్క తెలుగు అర్థం రాసి ఊరుకోకండి. మీరు చదివిన వాక్యాన్నే రాసి, ఆ మాట ఉన్నచోట ఖాళీ వదలండి. వెనకవైపు ఆ మాట. పోటీ పరీక్షల పుస్తకాల్లో వెయ్యి అపురూపమైన మాటలిచ్చి బట్టీ పట్టమంటారు, వాటి జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన జాబితాలో దాదాపు రెండు వేల ముఖ్యమైన మాటలున్నాయి. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువుల పుస్తకాల్లో తరచుగా వచ్చే 570 పద కుటుంబాలు ఏరి పెట్టింది. రెండూ నెట్‌లో ఊరికే దొరుకుతాయి. వాటిలో తెలిసినవి కొట్టేసుకుంటూ పొండి, మిగిలినవే మీ చీటీలు. అర్థం చూడాల్సొస్తే ఆంధ్రభారతి సైటులో నిఘంటు శోధన ఉంది, బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు.

పుస్తకం మూశాకే చదువు

చాలామంది చదవడమంటే నాలుగు రంగుల పెన్నులతో గీతలు గీయడం, నాలుగుసార్లు చదవడం అనుకుంటారు. నాలుగోసారి చదివేటప్పటికి అంతా తెలిసినట్టే ఉంటుంది, ఆ మోసంలోనే సెమిస్టర్ గడిచిపోతుంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో దీన్ని పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్ళు ముందున్నారు. మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదండీ.

ఈ సంగతి కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారికి ఎవరూ ప్రయోగం చేసి చూపించక్కర్లేదు. ఆయనా, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ ఊరూరా చేసిన అవధానాల్లో జరిగేదేంటి? ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి, అక్కణ్ణుంచి మరొకరి దగ్గరికి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, కొట్టిన గంటల లెక్క, మళ్ళీ మొదటివాడి దగ్గరికొచ్చి రెండో పాదం. కాగితం చూసుకునే వీల్లేదు, ప్రతిసారీ లోపలి నుంచే తోడుకోవాలి. చివర్లో ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ మళ్ళీ అప్పజెప్పడం. ఒకే విషయాన్ని ఏకబిగిన చదవకుండా, వేరేవాటిని మధ్యలో పెట్టి తిరిగి తలుచుకుంటే ఎంత నిలుస్తుందో చూడాలంటే అవధానం చూడాలి.

మీరు చెయ్యాల్సింది చాలా చిన్నది. క్లాసు అయ్యాక బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు నోట్సు తియ్యకుండా, ఇవాళ పాఠంలో చెప్పిన మూడు సంగతులు మనసులో చెప్పుకోండి. ఇంటికెళ్ళాక లాంగ్ బుక్కులో రాయండి. అప్పుడు నోట్సు తెరిచి, వదిలేసినవి ఎర్రపెన్నుతో చేర్చండి. ఎర్ర సిరా ఎక్కడుందో అదే మీరు చదవాల్సిన భాగం. పద్యమైతే ప్రతిపదార్థం మూసి రాయండి. వ్యాకరణమైతే సూత్రం అప్పజెప్పడం కాదు, మీ ఇంటి సంగతుల మీద ఆరు సొంత వాక్యాలు.

చదవడం, వినడం

పుస్తకం మీకు తగినదో కాదో తెలుసుకోవడానికి ఒక లెక్కుంది. ఏ పేజీలోనైనా వంద మాటలు లెక్కపెట్టండి. తెలియనివి రెండు దాటకపోతే నిఘంటువు లేకుండా హాయిగా చదువుకుపోవచ్చు. పది దాటితే అది ఇప్పటికి పాఠ్యపుస్తకంలా గురువు పక్కనుండి చదవాల్సినదే. సరదాగా చదువుదామనుకుంటే నీరసం వస్తుంది. మాటల సంఖ్య అదుపులో పెట్టి రాసిన కథల పుస్తకాలు తక్కువగా చూడకండి. వాటికి ఊపు తెచ్చిన మైకేల్ వెస్ట్ 1920లలో ఢాకాలో బెంగాలీ పిల్లల కోసమే ఆ పని మొదలుపెట్టాడు. మనలాంటి పిల్లల కోసం పుట్టినవి అవి. మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడ అడగండి, రాజమండ్రి వెళ్ళినప్పుడు గౌతమీ గ్రంథాలయంలో ఒక పూట కూర్చోండి. పాత పుస్తకాలు గుటెన్‌బర్గ్ సైటులో, వాటి ఆడియోలు లిబ్రివాక్స్ సైటులో ఉచితం.

వినడానికి ఒక్కటే చెప్తాను. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమా చూస్తే చదవడం అలవాటవుతుంది గాని చెవికి పని తగ్గుతుంది. ఒక నిమిషం వార్త తీసుకోండి, సబ్‌టైటిల్స్ లేకుండా విని వినపడ్డది వినపడ్డట్టు రాయండి, మూడుసార్లు. అప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టి దిద్దుకోండి. నిమిషమే, అరగంట కాదు.

మాట్లాడటం, నవ్వేవాళ్ళు

మా పిల్లలకి పెద్ద అడ్డంకి వ్యాకరణం కాదు, నవ్వు. ఊళ్ళో రావిచెట్టు కింద ఒక ఇంగ్లీషు వాక్యం మాట్లాడితే "ఆయ్, దొరగారొచ్చారండోయ్" అని మొదలెడతారు. ఆడపిల్లలకి ఇది ఇంకా ఎక్కువ. ధైర్యంగా ఉండమని సలహా చెప్పి ఏం లాభం? నవ్వు పుట్టని చోటు వెతుక్కోవాలి. నలుగురు కలవండి, నలుగురూ తడబడేవాళ్ళే అయ్యుండాలి. బాగా వచ్చినవాణ్ణి పిలిస్తే మిగతా ముగ్గురూ శ్రోతలైపోతారు.

ఆ నలుగురూ కాలవగట్టు మీదో, ఖాళీ క్లాసులోనో చేసుకోగల పని ఇది. కీత్ మారిస్ 1983లో చెప్పాడు, పాల్ నేషన్ తర్వాత పరీక్షించి చూపించాడు. ఒక విషయం మీద మొదటివాళ్ళకి నాలుగు నిమిషాలు చెప్తారు. అదే విషయం రెండోవాళ్ళకి మూడు నిమిషాల్లో, మూడోవాళ్ళకి రెండు నిమిషాల్లో. వినేవాళ్ళు మారుతున్నారు కాబట్టి చెప్పిందే చెప్పడానికి మొహమాటం ఉండదు. ఏం చెప్పాలో మొదటిసారే తేలిపోయింది కాబట్టి బుర్రంతా ఎలా చెప్పాలన్నదాని మీదే పనిచేస్తుంది. మూడోసారికి మాట ఎంత సాఫీగా వస్తుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది. మధ్యలో తప్పులు దిద్దకూడదు, ఇది గట్టి షరతు. వినేవాళ్ళు ఒక్క ప్రశ్న మాత్రం సిద్ధం చేసుకోవాలి, చివర్లో అడగాలి. మొదటిదీ మూడోదీ రికార్డు చేసి పోల్చుకోండి.

మాట్లాడే మనుషులు దొరకరంటారు హిందీ పిల్లలు. మీ ఊళ్ళో టైల్స్ వేసేదెవరు? పానీపూరీ బండి ఎవరిది? గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాషకి పుస్తకమే లేదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆ పాటి ఓపికలో పదో వంతుంటే పానీపూరీ బండి దగ్గర రోజుకి మూడు కొత్త వాక్యాలు దొరుకుతాయి. ఇంకా దగ్గర్లో చూడాలంటే, కువైట్ నుంచో మస్కట్ నుంచో వచ్చిన మీ పిన్నినో మేనత్తనో అడగండి. క్లాసు లేదు, సిలబస్ లేదు, వంటింట్లో నిలబడి అరబ్బీ ఎలా పట్టిందో చెప్పమనండి. ముందు ఏ మాటలు నేర్చుకుంది, తప్పు మాట్లాడినప్పుడు ఎలా తెలిసింది, రాని మాట దగ్గర ఏం చేసింది. ఇలాంటి ఇళ్ళు మా కోనసీమలో వీధికొకటైనా ఉంటుంది, అయినా పిల్లలు ఆమెని ఎప్పుడూ అడగరు, ఆమె చదువుకోలేదని.

నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పడం కూడా మాట్లాడటంలో భాగమే. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్నతనంలోనే హిందీ నేర్చుకుని, ఆ ఊళ్ళోనే బాలికా హిందీ పాఠశాల పెట్టింది. తనకి పూర్తిగా వచ్చేదాకా ఆగి ఉంటే అది జరిగేది కాదు. మీ తమ్ముడికో పక్కింటి పదో తరగతి పిల్లకో పది నిమిషాలు ఒక పాఠం చెప్పండి. వాళ్ళు "ఎందుకూ?" అన్నచోట మీకు నోరు పెగలకపోతే, చీటీ మీదో లాంగ్ బుక్కులోనో ఆ ప్రశ్న రాసుకోండి.

రాయడం

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో బోస్టన్‌లో అన్న ప్రెస్సులో పని నేర్చుకుంటూ, తనకి నచ్చిన వ్యాసాలతో ఒక సాధన చేసేవాడు. వ్యాసం చదివి, ఒక్కో వాక్యంలోని భావం క్లుప్తంగా రాసుకుని, కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఆ గుర్తుల్నిబట్టి వ్యాసమంతా తన మాటల్లో మళ్ళీ రాసి, అసలుదానితో పోల్చి దిద్దుకునేవాడు. ఇందులో గురువు లేడు, అయినా దిద్దుబాటు ఉంది. పేపర్లో ఒక పేరాతో వారానికొకసారి మీరూ చెయ్యొచ్చు. తెలుగు ఎం.ఏ. వాళ్ళకీ ఇది ఇలాగే పనిచేస్తుంది, మంచి వచనం పక్కన మీ వచనం పెట్టుకుంటే ఎక్కడ వదులుగా ఉందో కనబడుతుంది.

చాట్ జీపీటీ సంగతి అడుగుతారు కదా. దానిచేత రాయించుకుంటే మీకు వచ్చేది ఒక కాగితం. ముందు మీరు రాయండి. తర్వాత "తిరగరాయొద్దు, తప్పున్న వాక్యాల నంబర్లు మాత్రం చెప్పు" అని అడగండి. తప్పేంటో మీరు పట్టుకుని, దిద్ది, అప్పుడు సరిచూసుకోండి. పట్టుకున్న తప్పులన్నీ లాంగ్ బుక్కు చివరి పేజీల్లో రకాలుగా వేసుకోండి: ఆర్టికల్స్, కాలాలు, ప్రిపొజిషన్లు. ఎవరికైనా రెండు మూడు రకాలే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, వ్యాకరణం పుస్తకం మొత్తం మీద పడక్కర్లేదు.

గోదావరి క్యాలెండరు

తెల్లవారుజామున నాలుగింటికి లేవడంతో మొదలయ్యే టైంటేబుళ్ళు నేను చాలా చూశాను. గోడకి బాగుంటాయి. వాటిలో వరద ఉండదు, కోత ఉండదు, తీర్థం ఉండదు. జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగి కనకాయలంక కాజ్‌వే మునిగితే లంక పిల్లలకి కాలేజీకి రావడమే పడవ ప్రయాణం. ఆ తర్వాత తుపాన్లు, సార్వా కోతలు. సంక్రాంతికి ఎవరూ పుస్తకం ముట్టరు, ముట్టమని నేనూ చెప్పను. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకుని షెల్లీ చదవమంటే షెల్లీకి కూడా పాపం తగులుతుంది. మాఘంలో అంతర్వేది. వేసవిలో దాళ్వా కోతలు, కరెంటు కోతలు.

అందుకని రెండు రకాల రోజులు పెట్టుకోండి, పెద్ద రోజు, చిన్న రోజు. పెద్ద రోజుకి గంటో గంటన్నరో, మీకు కుదిరినంత. చిన్న రోజుకి మాత్రం కదలని కనీసం ఒకటుండాలి: మొదటి అరలో చీటీలు, ఒక్క నిమిషం రికార్డింగు. ఇల్లంతా చుట్టాలున్నా, వడ్లు ఎండబోస్తున్నా అది పది నిమిషాల్లో అయిపోతుంది. సెమిస్టరు మొదట్లోనే క్యాలెండరు తీసి మీ ఇంట్లో ఏ వారాలు చిన్న రోజులవుతాయో గుర్తు పెట్టండి. కౌలు చేసే ఇంటి లెక్క వేరు, టౌనులో ఉద్యోగస్తుల ఇంటి లెక్క వేరు. స్నేహితురాలి టైంటేబుల్ ఫొటో తీసుకోవడం వల్ల లాభం లేదు.

బస్సులో గడిపే టైము గురించి. మన రోడ్ల మీద చదివితే కళ్ళు తిరుగుతాయి, వద్దు. వెళ్ళేటప్పుడు వినండి, వచ్చేటప్పుడు ఇందాక చెప్పినట్టు పాఠం తలుచుకోండి. సీటు దొరికితే చీటీలు. ఇంట్లో కూర్చునే చోటు మాత్రం రోజూ ఒకటే ఉండనివ్వండి, అరుగైనా మేడ మెట్లయినా. ఫోన్ వేరే గదిలో.

మెటీరియల్

గైడ్లు కొనొద్దని చెప్పే లెక్చరర్లున్నారు, నేను చెప్పను. పరీక్షలో ప్రశ్నలు ఎలా వస్తాయో తెలియడానికి పాత పేపర్లు, గైడ్లు పనికొస్తాయి. కాకపోతే మెటీరియల్‌ని జవాబు కోసం కాకుండా దిద్దుబాటు కోసం వాడండి: ముందు పాత పేపర్లో ప్రశ్నకి మీ జవాబు, తర్వాత గైడు తెరిచి వదిలేసిన పాయింట్లు ఎర్రపెన్నుతో. ప్రిపరేషన్ సెలవులకి ఆ పని పెట్టుకుంటే చాలు. వేలకి వేలు తీసుకునే స్పోకెన్ సెంటర్లలో చేరేముందు ఒక ప్రశ్న అడగండి: గంటలో నేను మాట్లాడేది ఎన్ని నిమిషాలు? జవాబు రాకపోతే కాలవగట్టే నయం.

లెక్చరర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

సొంతంగా చదవడమంటే మమ్మల్ని వదిలెయ్యమని కాదు. మీ అంతట మీరు తేల్చుకోలేనివి కొన్ని ఉంటాయి. వాక్యం వ్యాకరణం ప్రకారం సరే గాని ఇలా ఎవరైనా అంటారా అన్న అనుమానం. ఉచ్చారణలో మీ చెవికి తేడా తెలియని శబ్దాలు. వ్యాసంలో వాదన తిరుగుతోందా, నిలబడిందా అన్నది. ఒకే లోపం మూడు ఆదివారాలు వరసగా లాంగ్ బుక్కులో కనబడితే అదీ మా దగ్గరికి తేవాల్సిందే.

వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో రాకండి. పేజీ మడిచి పెట్టుకుని, "ఇది ఇలా చేశానండి, ఇక్కడ దాకా వచ్చింది, ఇక్కడ ఆగింది, ఈ రెండు దారులు చూశాను" అని చెప్పండి. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏ లెక్చరరైనా అలా అడిగిన పిల్లని కసురుకోవడం నేను చూడలేదు. మధ్యాహ్నం భోజనాల గంటలో మాత్రం రాకండి, కాస్త అన్నం తిననివ్వండి.